బృహన్నల కంకణములు

అజ్ఞాతవాసమునకు ముందు పాండవులు ఒక్కచోట కూర్చుండి, ఎవ్వరు ఏ వేషమున విరటుని కొలువు చేరవలెనో నిర్ణయించుకొను ఘట్టముతో విరాటపర్వము మొదలగును. ధర్మరాజు కంకుడను పేర పాచికలు చేతబట్టును. భీముడు వలలుడై వంటశాలకు పోవును. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆలమందలను కోరుకొనిరి. ద్రౌపది సైరంధ్రి యగుటకు సమ్మతించెను. ప్రతివారును తమకు రానున్న పేరును, పనిని, ఆ పనికి వలసిన విద్యను ముందుగానే చెప్పుకొనిరి. వీరందరిలో లింగమును గూడ మార్చుకొన్నవాడు అర్జునుడొక్కడే. ఊర్వశి శాపము ఆ యేడాదికి అక్కరకు వచ్చినదని కథ. ఇంద్రలోకమున చిత్రసేనునివద్ద నేర్చిన నాట్యము అతనికి జీవిక యైనది.

నేటి వీడియో ఆటలలో పెక్కింటి ఆరంభము ఇట్లే యుండును. తెర వెలుగగానే రెండు బొమ్మలు నిలుచును. ఒకటి పురుషుడు, ఒకటి స్త్రీ. ఆడువాడు ఒకదానిని వ్రేలితో తాకి, ముఖమును జుట్టును దిద్దుకొని, పేరు పెట్టి, కత్తియో విల్లో మంత్రమో తన విద్య యేదియో చెప్పి లోనికి పోవును. తెలుగున 'ఆడు' అను మాటకు క్రీడించుట యనియు, స్త్రీసంబంధమైనది యనియు రెండర్థములుండుట యాదృచ్ఛికమే కావచ్చును. ఐనను ఈ విషయమును తలపోయువారికి ఆ మాట ఊరక తప్పించుకొని పోదు.

ఇట్టి ఆటలు సాహిత్యవిమర్శకు తగిన వస్తువులా యని కొందరు శంకింపవచ్చును. తోలుబొమ్మలాటను, వీధిభాగవతమును చిరకాలము గడపకు వెలుపలనే నిలిపిన పండితులు తరువాత వానినే పరిశోధనవిషయములుగా చేసికొనిరి. కావున ఆ శంకకు జవాబు వెదకుటలో కాలము పుచ్చనక్కరలేదు. పాత్ర యున్నచోట, పాత్రను ధరించువాడున్నచోట, విమర్శకు పని యుండును.

ఈ పనికి సూరత్ నగరము తగిన చోటు. ఆ నగరపు మరమగ్గముల నమ్ముకొని తెలంగాణమునుండి తరలిపోయిన పద్మశాలి కుటుంబములు లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడి, తరములుగా కాపురముండుచున్నవి. నగరపాలక సంఘము నడపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకును చోటు కలదు. అచ్చటి పిల్లవానికి ఇంట తెలుగు, బజారున గుజరాతీ, సినిమాలోను ఫోనులోను హిందీ. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆటను నిషేధించి, ఆడుచున్న యువకులను నిర్బంధించినప్పుడు గుజరాతునందంతటను ఈ ఆటలను గూర్చిన వాదము చెలరేగెను. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ఆ ఆటను దేశమంతట నిలిపివేసెను. 2021 జూలైలో అదియే బీజీఎంఐ యను క్రొత్తపేరుతో తిరిగివచ్చి, 2022 జూలైలో మరల ఆగి, 2023 మే నెలలో మరల మొదలయ్యెను. ఈ రాకపోకలనడుమ జరిగిన వాదమంతయు కాలహరణమును గూర్చియు, హింసను గూర్చియు, చదువు చెడుటను గూర్చియు నడచినది. తెర తెరచుకొనగానే పిల్లవాడు చేయు మొదటి పని, తాను స్త్రీయో పురుషుడో నిర్ణయించుకొనుట, ఎవ్వరికిని పట్టలేదు.

ఆ పని మూడు భాషలలో మూడు విధములుగా నుండును. ఆట గెలిచిన పిల్లవాడు గుజరాతీలో 'హుం జీత్యో' యనును. పిల్ల 'హుం జీతీ' యనును. హిందీలో చచ్చినవాడు 'మర్ గయా' యనును, చచ్చినది 'మర్ గయీ' యనును. నోరు తెరచి జరిగినదానిని చెప్పుకొన్నంతనే క్రియాపదము లింగమును బయటపెట్టును. తెలుగున 'గెలిచినాను', 'చచ్చినాను' అన్నచో చెప్పినది ఆడుదో మగవాడో మాటనుబట్టి తెలియదు. ఎదుటివానిని 'గెలిచినావు' అన్నప్పుడును తెలియదు. మన ఉత్తమపురుషమునకు, మధ్యమపురుషమునకు లింగభేదము లేదు. ఆ భేదమంతయు ప్రథమపురుషముననే, అనగా 'వాడు', 'ఆమె' యని ఎవ్వరినిగూర్చియో చెప్పునప్పుడే, తల యెత్తును. అచ్చటను మన వ్యాకరణము విచిత్రముగా ప్రవర్తించును. వాడు వచ్చినాడు, ఆమె వచ్చినది, ఆవు వచ్చినది. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) స్త్రీని ఏకవచనమున అమహత్తులలో నిలిపి, బహువచనమున మాత్రము మహత్తులతో సమానము చేసెను. 'వచ్చెను' అను ప్రాతరూపమున ఈ భేదము కనబడకపోవుట గ్రాంథికభాషను వాడువారికి ఒక వెసులుబాటు. సూరత్ సందులలో ఆ రూపము వినబడదు.

ఆటలో పురుషభేదము వ్యాకరణమునకు మాత్రమే పరిమితము కాదు. ఆటల పరిభాషయందును ఉత్తమపురుషదృష్టి, ప్రథమపురుషదృష్టి యని రెండు కలవు. మొదటిదానిలో ఆడువానికి తన చేతులును ఆయుధమును మాత్రమే కనబడును. రెండవదానిలో తాను ధరించిన పాత్రను వెనుకనుండి చూచుచు నడపును. బీజీఎంఐలో రెండును గలవు. స్త్రీరూపమును ఎంచుకొన్న పిల్లవాడు ప్రథమపురుషదృష్టిలో ఆడునప్పుడు అతని కన్ను 'ఆమె'ను చూచును, నోరు 'నేను' అనును. ప్రక్కనున్న చెలికాడు మాత్రము 'వాడు చచ్చినాడురా' యనుటయే సహజము. తెరమీద నేలకూలినది స్త్రీ. చెలికాని వాక్యమున చచ్చినది వాడు. ఎంచుకొన్న లింగము ఉత్తమపురుషమున ఒక మీటతో సిద్ధించినది కాని, ప్రథమపురుషమున సిద్ధింపలేదు. ఈ ఆటలనుగూర్చిన చర్చకు కీలకమిచ్చటనే యున్నది.

భారతమున దీనికి సరియైన పోలిక దొరకును. కీచకవధనాటి రాత్రి నర్తనశాలలో ద్రౌపది యుండవలసినచోట భీముడు పరుండెను. చీకటి అతనిని స్త్రీని చేసినది. కీచకుడు చేయి వేయువరకే ఆ స్త్రీత్వము. వేసినంతనే పని యైపోయెను. దానికి విద్య అక్కరలేదు, అభ్యాసము అక్కరలేదు, చూచువాడు లేకున్న చాలును. అర్జునుడట్లు కాదు. పట్టపగలు కొలువులో నిలిచి, రాజుచేత పరీక్షితుడై, ఏడాదిపాటు కన్నెలకు ఆటపాటలు నేర్పుచు, దినదినమును ఇతరుల కన్నులయెదుట బృహన్నల కావలసినవాడు. వింటినారి ఒరసి రెండు ముంజేతులందును కాయలు గట్టియుండగా, వానిని కంకణములతో కప్పెదనని అతడు చెప్పినట్లు వ్యాసభారతమున నున్నది. ఒక విద్య వదలిన గుఱుతును మరియొక వేషము కప్పవలసివచ్చినది. ఉత్తరుని రథమెక్కుటకు ముందు కవచమును తొడుగుకొనుట తెలియనివానివలె నటింపగా అంతఃపురకన్యలు నవ్విరి. వచ్చిన విద్యను రానట్లు చూపుటకు ఎంత విద్య కావలెనో ఆ నవ్వు చెప్పును. పారిపోవు ఉత్తరునివెంట జడ యెగురుచుండ, ఎఱ్ఱని వలువలు రెపరెపలాడుచుండ పరుగెత్తిన ఆ మూర్తిని చూచి కౌరవసైనికులు మొదట నవ్వి, పిమ్మట ఆ మెడను, ఆ బాహువులను చూచి, వీడు అర్జునుడు కాక మరెవ్వడని తర్కించిరి. బృహన్నలను కట్టినదియు విప్పినదియు ఇతరుల చూపే.

నేటి ఆటలలో అధికభాగము భీముని త్రోవలోనున్నవి. లింగమొక చీకటి, ఒక ముసుగు. సూరత్ చీరల దుకాణమున బొమ్మకు కట్టిన చీరవలె దానిని క్షణమున మార్పవచ్చును. ఆ బొమ్మ నడక మారదు.

రంగస్థలమున ఈ విషయము వేరుగా నడచెను. హరిశ్చంద్ర నాటకమున చంద్రమతిగా రంగమెక్కిన స్థానం నరసింహారావు (1902–1971), తెనాలి రామవిలాససభలో చేరి, సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశమును ఆకట్టుకొనెను. ఆయనకు స్త్రీ యగుట ఒక మీట కాదు. ఒకే పల్లవిని మరల మరల పాడుచు, పాడినప్పుడెల్ల ఒక క్రొత్త భావమును చూపుట ఏండ్ల తరబడి చేసిన సాధన. ప్రేక్షకులు 'ఆమె' యన్నప్పుడే ఆ సాధనకు ఫలము. కూచిపూడిలో నట్టువకుటుంబముల పిల్లలకు లింగవరణమే లేదు. పుట్టిన ప్రతి మగపిల్లవాడును ఒక్కమారైన సత్యభామ వేషము కట్టవలెనని సంప్రదాయము. తెరమీదుగా జడ వేసి, తనతో సాటిరాగలవారెవ్వరని సవాలు చేయుటలో వేషము, విద్య రెండును ఒక్కటియై నిలిచినవి. 2012లో దివంగతుడైన వేదాంతం సత్యనారాయణశర్మ ఆ సవాలును చివరివరకు నిలువబెట్టినవాడు.

గుజరాతీ నాటకరంగమున దీనికి తోడైన చరిత్ర కలదు. జయశంకర్ భోజక్ (1889–1975) బాలుడుగా 1901లో 'సౌభాగ్యసుందరి' నాటకమున సుందరి పాత్రను ధరించెను. ఆ పేరే ఆయనకు ఇంటిపేరై, జీవితాంతము 'జయశంకర్ సుందరి'గానే నిలిచెను. ప్రథమపురుషము ఇంతగా లొంగిన ఉదాహరణము మరియొకటి దొరకుట కష్టము; పాత్ర వచ్చి నటుని పేరుమీద కూర్చున్నది. అంతకంటె గమనింపదగినది తరువాతి కథ. వేషములు విడిచిన చాలకాలమునకు ఆయన 1953లో 'మేనా గుర్జరి'ని ప్రదర్శింపజేసినప్పుడు నాయికగా నిలిచినది దీనా గాంధీ, ఒక స్త్రీ. పురుషుడు స్త్రీలను చూచి నేర్చుకొని కూడబెట్టిన నేర్పు మరల ఒక స్త్రీ చేతికి చేరెను. లింగము ఒకరిది, విద్య ఒకరిది కాక, ఇచ్చిపుచ్చుకొనుటలో రెండును పెరిగినవి.

ఆటలు విద్యను వేరొక విధముగా లెక్కించును. పాత్రకు బలమింత, చురుకుదనమింత, విలువిద్య యింత యని అంకెలుండును. పని చేసినకొలది అంకె పెరుగును. ఈ పద్ధతికి మూలము కాగితముపై పాచికలతో ఆడిన ఆటలలోనున్నది. వానిలో ప్రసిద్ధమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1978 నాటి నియమగ్రంథమున స్త్రీపాత్రల బలమునకు పురుషపాత్రలకంటె తక్కువ మేర విధించిరి. 1989 కూర్పులో ఆ నియమము తొలగెను. కంప్యూటర్ ఆటలలో 2002 నాటి 'మారోవిండ్'లో స్త్రీపురుషులకు ఆరంభపు అంకెలు వేరువేరుగా నుండెను. అదే శ్రేణిలో 2011 నాటి 'స్కైరిమ్'లో ఆ భేదము పూర్తిగా పోయెను. ఇది న్యాయమైన మార్పనుటలో సందేహము లేదు. బలమునకు లింగముచేత హద్దు గీచినవారు ప్రకృతిని అనుకరించితిమని చెప్పుకొనిరి. మంటలు గ్రక్కు నాగులున్న లోకమున ప్రకృతికి అంత గౌరవమెందుకో వారే చెప్పవలెను.

కాని అంకెలు సమానమైనంతనే చిక్కు తీరలేదు. 'స్కైరిమ్'లో పదునెనిమిది విద్యలు. కత్తి త్రిప్పినకొలది కత్తివిద్య, కమ్మరము చేసినకొలది కమ్మరపువిద్య పెరుగును. ఆ యాట వెలువడిన దినములలో ఆటగాండ్రు గంటల తరబడి ఇనుప బాకులు చేసి చేసి కమ్మరపు అంకెను పెంచుకొనుట అందరికిని తెలిసినదే. పెరిగినది పాత్ర విద్య. ఆడువాని చేతికి బాకు చేయుట రాలేదు, ఓపిక వచ్చినది. చేనేత మగ్గమున పడుగుపేకలనడుమ ఏండ్లుగా పండిన తండ్రి నేర్పు, సూరత్ మరమగ్గమువద్ద తెగిన పోగును చూచి అతుకుటకు తగ్గిపోయినచోట, కుమారునికి ఈ అంకె పెరుగుటలో ఏదో తృప్తి దొరకినచో తప్పుపట్టుట కఠినము. యుద్ధపుటాటలలో దీనికి విలోమము జరుగును. అచ్చట పాత్రకు అంకె ఏమియు పెరుగదు, పెరుగునది ఆడువాని వ్రేళ్ళ వేగమే. మొదటిదానిలో విద్య పాత్రకు, రెండవదానిలో విద్య మనిషికి. రెండింటిలోను లింగము ప్రక్కన నిలిచి చూచుచుండును. కంకణముల క్రింద కాయలు లేవు; కాయలున్నచోట కంకణములు లేవు.

లింగమును విద్యను ముడిపెట్టిన ఆట ఒకటి కలదు. అది ముడిపెట్టిన తీరు మెచ్చదగినది కాదు. 1986లో జపానునుండి వచ్చిన 'మెట్రాయిడ్'లో సమస్ అను యోధుడు ఆపాదమస్తకము కవచముతో పోరాడును. ఆటను వేగముగా ముగించినవానికి చివర ఆ కవచము తొలగి, యోధుడు స్త్రీ యని తెలియును. అంతవరకు వీరుడని తలచినవాని తలపును తలక్రిందులు చేయుట గొప్ప ఊహ. ఐతే ఎంత త్వరగా ముగించినచో అంత తక్కువ వస్త్రములతో ఆమెను చూపుదురు. నేర్పునకు బహుమానము స్త్రీదేహమైనది. బృహన్నల కవచము తొడుగబోయినప్పటి నవ్వును ఇచ్చటి కవచము విప్పుటతో పోల్చి చూచినచో రెండు కాలముల తారతమ్యము తెలియును. అది నేటికాలమునకు అనుకూలముగా లేదు.

2007 నాటి 'మాస్ ఎఫెక్ట్' త్రోవ ఇంతకంటె గంభీరమైనది. సేనాని షెపర్డ్‌ను స్త్రీగానో పురుషునిగానో ఎంచుకొనవచ్చును. పేరు ఆడువాడు పెట్టునది కావున కథలో అందరును ఇంటిపేరుతోనే పిలుతురు. సంభాషణలు ఇంచుమించు అవియే. కంఠములు మాత్రము వేరు. ఒకే మాటను మార్క్ మీర్ పలుకుటకును, జెనిఫర్ హేల్ పలుకుటకును గల దూరమే ఆ రెండు పాత్రలనడుమ దూరము. ఇది నాటకమునకు దగ్గరి పద్ధతి. ఇట్టి ఆట తెలుగునకు వచ్చినచో అనువాదకునకు ఒక ఉపాయము సిద్ధముగా నున్నది: గౌరవవాచకము. 'సేనానిగారు వచ్చినారు' అన్నప్పుడు మన భాషలో లింగము మాయమగును. ఏకవచనమున ఆవుప్రక్కన నిలిపిన స్త్రీని బహువచనమున పురుషునిప్రక్కకు తెచ్చు వ్యాకరణము, గౌరవించినంతనే ఇరువురను ఒకటి చేయును. ఇది వ్యాకరణపు చమత్కారమో, సంఘమును గూర్చి భాష తెలియక బయటపెట్టిన నిజమో పాఠకులే తేల్చుకొనవలెను.

పూనానుండి 2020లో వెలువడిన 'రాజీ' మన దేశమున తయారైన ఆటలలో వేరుగా నిలుచును. అచ్చట ఎంపిక లేదు. నాయిక రాజీ యను బాలిక. అసురులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు బయలుదేరును. గారడీ బృందములో పెరిగిన పిల్ల గనుక ఆమె గంతులు, గోడ పట్టుకొని ప్రాకుటలు, స్తంభమును చుట్టి తిరుగుటలు పుట్టినచోటునుండి వచ్చిన విద్యలు. దుర్గ యిచ్చిన త్రిశూలముకంటె ఆ గంతులే ఆమెను పాత్రను చేసినవి. కథనమున లోపములున్నను, ఆమె దేహమునకు ఒక చరిత్ర కలదు. ఎంచుకొనుటకు వీలులేని పాత్రలో లింగము, విద్య ఇంత చక్కగా కలిసిపోవుట ఎంపికను మెచ్చుకొనువారు ఆలోచింపదగినది.

ఇంతవరకు పిల్లవానినిగూర్చియే చెప్పుట జరిగినది. పిల్ల సంగతి వేరు. అజ్ఞాతవాసమున ఆరుగురును పేర్లు మార్చుకొనిరి, పనులు మార్చుకొనిరి. ద్రౌపది మార్పనిది స్త్రీత్వమొక్కటే. ఆ యేడాది కామాంధుని చేయి పడినదియు ఆమెమీదనే. కంకుని ఎవ్వడును వెంటాడలేదు. సైరంధ్రిని కీచకుడు వెంటాడెను, నిండుకొలువులో తన్నెను. ఆటలలో మైకు తెరచి మాటాడు బాలికలకు అపరిచితులనుండి ఎదురగు వెకిలిమాటలు లోకవిదితములు. వానికి జడిసి పెక్కుమంది పురుషరూపమును ఎంచుకొని మౌనముగా ఆడుట కూడ లోకవిదితమే. మగపిల్లవానికి స్త్రీరూపము ఒక ముచ్చట. ఆమెకు పురుషరూపము ఒక తలుపు గడియ. కీచకవధతో 1885లో కడపసీమలో తెర తీసిన సురభినాటకసమాజమున తరువాత స్త్రీలు పురుషవేషములు ధరించి మీసములు త్రిప్పిరి. వారు దాగుకొనుటకు కాదు, కనబడుటకు ధరించిరి. ఫోనుపట్టిన బాలిక పురుషవేషము అట్టిది కాదు. ఆమెకు కావలసినది భీముని చీకటి. ఐతే భీముడు ఆ చీకటిలో వేచియున్నది ఒకని చంపుటకు. ఆమె వేచియున్నది ఆట ముగియువరకు తనను ఎవ్వరును గుర్తింపకుండుటకు.

ఆమె మైకు తెరవదు. మాటకు బదులు అక్షరములు వ్రాయును. తోడి ఆటగాడు హిందీలో 'ఎక్కడున్నావు' అని అడుగును. 'వచ్చినాను' అని హిందీలో వ్రాయవలెనన్నచో 'ఆ గయీ' యనవలెను. 'ఆ గయా' యని వ్రాసినచో అబద్ధమాడవలెను. ఆమె ఒక్క క్షణమాగి, రోమన్ అక్షరములలో తెలుగున 'వచ్చిన' అని మాత్రము వ్రాయును. అవతలివాడు తెలుగువాడైనచో అర్థము చేసికొనును. కానిచో ఏదో భాషయనుకొని ముందునకు పోవును.